రాజుగారి కాలేజీ నుంచి హైవే కాలేజీ దాకా

విజయనగరానికీ బరంపురానికీ నడుమ చాలాకాలం కాలేజీ ఉన్న ఊరంటే పర్లాకిమిడే. గజపతి రాజుల పోషణలో 1896లో అక్కడ కాలేజీ మొదలైంది. అదే నేటి శ్రీకృష్ణచంద్ర గజపతి కళాశాల. నేటి శ్రీకాకుళం జిల్లాలోని టెక్కలి, మందస, ఉద్దానం పల్లెల్లో మెట్రిక్ గట్టెక్కిన కుర్రవాడికి పైచదువుకు దగ్గరి దిక్కు అదే.

నాలుగేళ్లకు రైలు దారీ పడింది. మెయిన్ లైన్ మీది నౌపడా నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి రాజుగారు పట్టాల మధ్య రెండున్నర అడుగుల ఎడమే ఉండే లైను వేయించారు. 1900లో కదిలిన ఆ బుల్లి బండి 1931లో గుణుపురం దాకా సాగింది. నౌపడా ఉప్పుతో పాటు ట్రంకుపెట్టె, పరుపుచుట్ట పట్టుకున్న విద్యార్థులనూ మోసింది.

కాలేజీ ఊళ్లోనే ఉండటం పర్లాకిమిడి బజారుకు కలిసొచ్చింది. పల్లె నుంచి వచ్చినవాడు సెలవులు ఇచ్చేదాకా అక్కడే ఉండాలి. అద్దె గది కావాలి, పూటకూలి భోజనం కావాలి, నోటుపుస్తకాల కొట్టు కావాలి, సాయంత్రం కబుర్లకు ఒక అరుగు కావాలి. రథయాత్ర, కొమ్ముతో బొమ్మలు చెక్కే మహారణల పనితనం, కోట చుట్టూ వ్యాపారం అంతకుముందే ఉన్నాయి. వాటి మధ్యకు పంతుళ్లు, ప్లీడర్లు, పత్రికలు వచ్చి చేరాయి.

ఆ మేళవింపులో ఎదిగినవారే గిడుగు రామమూర్తి. 1880లో రాజావారి స్కూల్లో మేష్టరుగా చేరి, తర్వాత కాలేజీలో చరిత్ర చెప్పి, 1911లో రిటైరయ్యారు. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాషను, అది వచ్చినవాణ్ని ఇంట్లో పెట్టుకుని మరీ నేర్చారు. సవరలకు సొంత ఖర్చుతో బళ్లు పెట్టారు. మాట్లాడే తెలుగునే రాయాలని ఆయన పట్టిన పట్టుకు ఈ ఊరి వీధులే మొదటి పాఠశాల అనుకుంటే తప్పులేదు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, కూతవేటు దూరంలోని పాతపట్నం ఇటు మిగిలింది. గిడుగు ఊరొదిలి రాజమండ్రి చేరారు. బజారు మాత్రం సరిహద్దును అంతగా పట్టించుకోలేదు: బోర్డు ఒడియాలో ఉన్నా బేరం తెలుగులో సాగుతుంది. చదువు దారి మాత్రం మళ్లింది. ఇటువైపు పిల్లలు శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు తిరిగారు.

మళ్లీ ఈ ప్రాంతంలో కాలేజీ పేరు గట్టిగా వినిపించింది టెక్కలిలోనే. 2001లో ఆదిత్య ఇంజినీరింగ్ కాలేజీ, అందరూ ఐతమ్ అనేది, ఊరి శివారున కె.కొత్తూరులో వచ్చింది. అప్పటికే హైవే నాలుగు వరసలయ్యే పనిలో ఉంది. 2008 ప్రాంతంలో అమలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ రైతు ఇంటి పిల్లకూ ఇంజినీరింగ్ సీటును అందుబాటులోకి తెచ్చింది.

కాలేజీ వల్ల పర్లాకిమిడి బజారుకు కలిసొచ్చినట్టు టెక్కలి బజారుకు కలిసిరాలేదు. కారణం కాలేజీ బస్సు. తెల్లారేసరికి ఉద్దానం ఊళ్ల మలుపుల్లో మెడలో ఐడీ కార్డు, చేతిలో క్యారియర్‌తో పిల్లలు నిలబడతారు. బస్సు నేరుగా క్యాంపస్ గేటు లోపల దించి, చీకటి పడకముందే మళ్లీ ఇంటి దగ్గర వదిలేస్తుంది. ఆడపిల్లలను చదివించడానికి తల్లిదండ్రులు ధైర్యం చేసింది ఈ బస్సును చూసే. అది చిన్న మార్పు కాదు. కానీ ఊరి నడిబొడ్డుకు దక్కింది తక్కువ. జిరాక్సు, సెల్‌ఫోన్ రిపేరు, బిర్యానీ పాయింట్ పెరిగాయి. పుస్తకాల కొట్టు, నాటక సమాజం పెరగలేదు. పాత బజారుకు ఆధారం రెవెన్యూ డివిజన్ ఆఫీసులు, కోర్టు పనులు, గ్రానైట్ డబ్బే. విచిత్రమేమంటే 2010లో సెంచూరియన్ యూనివర్సిటీ వచ్చినప్పుడు పర్లాకిమిడి కూడా ఇదే బాట పట్టింది: క్యాంపస్ ఊరి బయట ఆర్.సీతాపూర్‌లో.

మందసది వేరే లెక్క. పెద్ద జీయర్ స్వామి వైష్ణవ గ్రంథమైన శ్రీభాష్యం చదువుకున్న ఊరది. వాసుదేవ పెరుమాళ్ గుడిని ఆనుకుని సాగిన ఆ చదువుకు బజారుతో పనిలేదు. బజారుకు పేరు తెచ్చింది కట్టెల పొయ్యి మీద పాలు చిక్కబడేదాకా కలియబెట్టి తీసే కోవా.

ఇక పలాస-కాశీబుగ్గ. డిగ్రీ కాలేజీ ఉన్నా ఈ జంట ఊళ్లను నడిపేది జీడిపప్పే. పిక్కలు కాల్చి, ఒలిచి, గుండు, బద్ద వేరు చేసే పనిలో ఎక్కువమంది ఆడవాళ్లే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలను కూల్చేశాక తోటను నమ్ముకుంటే చాలన్న ధీమా సడలింది. పిక్కల జీడి అంటి వేళ్లు నల్లబడిన తల్లులు కూతుళ్లను ఆ పనికి పంపడానికి ఇష్టపడటం లేదు. టెక్కలి బస్సుకే పంపుతున్నారు.