గడపకు పట్టిన తుప్పు

పోయిన జనవరి ఎండల్లో, ఒక శనివారం పూట, గరాజ్‌లో నేల మీద వెల్లకిలా పడుకుని ఒక పాత కారుని కిందనుంచి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తున్నాను. గట్టిగా కూడా పొడవలేదు. రోగి పొట్ట నొక్కి చూసేటంత మెల్లగానే. అది పిడి దాకా లోపలికి దిగిపోయింది. బయటికి లాగితే ఎర్రటి పొడి, ఎండిన మట్టి, ఒక యూకలిప్టస్ ఆకు నా ముఖం మీద రాలాయి. మా ఆవిడ తలుపు దగ్గర నుంచుని "బతుకుతుందా?" అంది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

కారు నాది కాదు. 1966 నాటి ఎం.జి.బి. గుడ్డ కప్పు వెనక్కి మడిచేస్తే ఆకాశం కనిపించే రకం. మనలో చాలామందికి తెలిసిన ఒక బాబాయి గారిది. పేరు రాయొద్దన్నారు కనక రాయను. మా విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలోనే చదివి, నేను పుట్టకముందే, 1975లో ఈ దేశం వచ్చారు. నాలుగేళ్ళకి ఈ కారుని సెకండ్‌హాండ్‌లో కొన్నారు. పిన్ని గారు చీర కొంగు తలకి చుట్టుకుని ఇందులో న్యూకాజిల్ బీచికి వెళ్తుంటే తెల్లవాళ్ళు ఆగి చూసేవారట. గత 15 ఏళ్ళుగా అది ఆయన ఇంటి పక్కన టార్పాలిన్ కప్పుకుని నిద్రపోతోంది. టార్పాలిన్ కప్పితే బండికి రక్షణ అనుకున్నారు పాపం. వాన నీటిని ఆపిందేమో గాని, లోపలి తేమని కూడా బయటికి పోనివ్వలేదు.

బాబాయి గారికి ఇప్పుడు 78. గుండె బలహీనపడి ఈమధ్య రెండుసార్లు ఆస్పత్రికి వెళ్ళి వచ్చారు. రెండోసారి ఇంటికొచ్చాక నన్ను పిలిచి, "ఒరేయ్, ఒక్కసారి దాన్ని లేపి సముద్రం దాకా తీసుకెళ్ళరా" అన్నారు. కాలేజీలో సైకిలుకి నేనే పంక్చరు వేసుకునేవాణ్ణని ఎప్పుడో గొప్పలు చెప్పుకున్న ఫలితం.

ఈ కారుకీ మనకీ చుట్టరికం ఉంది. మనూళ్ళో మేనమామల పెళ్ళిళ్ళకి పదిమందిని ఎక్కించుకు తిరిగిన అంబాసిడర్ గుర్తుందా? దాని పెట్రోలు ఇంజను, దీని ఇంజను ఒకే వంశానివి. ఇంగ్లండులో బి.ఎం.సి. వాళ్ళు 'బి సిరీస్' అని పేరు పెట్టిన ఇంజను అది. అంబాసిడర్‌లో 1,489 సి.సి., ఇందులో 1,798. బానెట్ ఎత్తి చూస్తే చిన్నప్పటి టాక్సీ స్టాండు గుర్తుకొస్తుంది. ఎం.జి.బి. ఇంగ్లండులో 1962లో పుట్టి 1980 దాకా తయారైంది. 1963 నుంచి 1972 దాకా ఆస్ట్రేలియా కోసం విడిభాగాలుగా ఓడల్లో వచ్చేది. సిడ్నీలో బిగించేవారు. అలా సుమారు 9 వేలు. బాబాయి గారిది జెట్‌లాండ్ ఫాక్టరీలో బిగించింది. ఆ స్థలం అంతకుముందు గుర్రప్పందాల మైదానం. ఫాక్టరీ 1975లో మూతపడింది. ఇప్పుడక్కడ అన్నీ అపార్ట్‌మెంట్లే.

ఇక రోగం సంగతి. లారీకైతే కింద వేరే ఛాసిస్ ఉంటుంది, పైన బాడీ కూర్చుంటుంది. ఎం.జి.బి.కి అలా లేదు. రేకులన్నీ కలిపి అతికిన పెట్టే దాని అస్థిపంజరం. మామూలు కారుకి పైకప్పు కూడా కొంత బరువు మోస్తుంది. కప్పే లేని కారుకి ఆ బరువంతా తలుపుల కింద గడపల మీద పడుతుంది. 'సిల్' అంటారు. బయటి రేకు, లోపలి రేకు, రెంటి మధ్య నిలువుగా ఇంకో రేకు, అడుగున ఒక పట్టీ: ఇవన్నీ కలిసి ఒక బోలు పెట్టె. ఈ రెండు పెట్టెలే కారు ముందు భాగాన్ని, వెనక భాగాన్ని కలిపి ఉంచుతాయి. అవి పోతే బండి నడుం విరిగినట్టే. జాకీతో ఒక పక్క ఎత్తి చూశాను. తలుపు బిగుసుకుపోయింది. దించితే మళ్ళీ వదులయింది. ఇంతకన్నా ఎక్స్‌రే అక్కర్లేదు.

తుప్పు పైనుంచి కిందికి రాదు, లోపలినుంచి బయటికి వస్తుంది. ముందు చక్రాలు చిమ్మిన బురద ఫెండర్ లోపలి మూలల్లో చేరుతుంది. ఆకులు చేరతాయి. గడప అడుగున నీళ్ళు పోవడానికి పెట్టిన చిన్న కన్నాలు మూసుకుపోతాయి. ఆ పైన సముద్రపు ఉప్పు. ఇనుముకి నీరు, ఆక్సిజన్ చాలు తుప్పు పట్టడానికి. ఉప్పు ఆ పనిని తొందర పెడుతుంది. విశాఖలో చదివిన వాళ్ళకి ఈ పాఠం కొత్త కాదు. హాస్టల్ కిటికీ ఊచల్ని గోటితో గీకితే పొరలు ఊడేవి. తుప్పు అసలు ఇనుము కన్నా ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది. అందుకే రెండు రేకుల మధ్య దూరి వాటిని ఉబ్బించి విడదీస్తుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది.

తుప్పు కారుకే కాదు, కంటికీ పడుతుంది. సోమవారం పొద్దున్న ఇక్కడి ఎమర్జెన్సీలో పనిచేసిన మన డాక్టర్లకి తెలుసు. శని, ఆదివారాల్లో గ్రైండర్ పట్టిన వాడు ఒక కన్ను మూసుకుని వస్తాడు. నల్లగుడ్డు పైపొరలో ఇనుప రజను దిగితే కొన్ని గంటల్లోనే దాని చుట్టూ గోధుమరంగు వలయం ఏర్పడుతుంది. రజను తీసినా వలయం ఉండిపోతుంది. కొన్నిసార్లు ఒకటి రెండు రోజులు ఆగితే మెత్తబడి తేలిగ్గా వస్తుంది. చూపుకి అడ్డంగా నడిమధ్య ఉంటే మాత్రం కంటి డాక్టరుకే వదిలేయాలి. ఎప్పుడు తీయాలి, ఎంత తీయాలి, ఎప్పుడు చెయ్యి వెనక్కి తీసుకోవాలి అన్నది కంట్లో అయినా రేకులో అయినా అంత తేలిక కాదు.

బండికి ఉన్న దారులు చూశాను. మొదటిది కొత్త బాడీ. ఇంగ్లండులో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్ళు 1988 నుంచి ఈ కారు బాడీలు మళ్ళీ కొత్తగా తయారు చేస్తున్నారు. తెప్పించి, పాత ఇంజను, సీట్లు, చక్రాలు అందులోకి మార్చేయవచ్చు. కాని ఖర్చు మా ఇంటిల్లిపాదీ రెండుసార్లు ఇండియా వెళ్ళి వచ్చేంత. పైగా అది పరకాయప్రవేశం. బాబాయి గారు ఎక్కిన గడప అది కాదు. రెండోది, బాగున్న ఇంకో ఎం.జి.బి. కొని దీన్ని విడిభాగాలకి అమ్మేయడం. లెక్కలు చూసుకుంటే తెలివైన దారి ఇదే. ఎవరితోనూ పైకి అనలేకపోయాను. తుప్పుని ఫాస్ఫరిక్ ఆమ్లం మందుతో ఆపడం ఇంకోటి. పైపైన పట్టిన తుప్పుకి అది పనిచేస్తుంది, ఇనుముని ఫాస్ఫేటుగా మారుస్తుంది. కన్నం పడ్డ చోట మార్చడానికి ఇనుమేది?

మిగిలినవి రెండు. కుళ్ళిందంతా కోసి కొత్త రేకు అతకడం, లేకపోతే మాటు వేయడం. చిన్నప్పుడు వీధిలో బిందెలకి మాట్లు వేసేవాడు వచ్చేవాడు కదా, అదే. కుళ్ళిన గడప మీదనే కొత్త రేకు తొడిగి, చుట్టూ అతికి, పుట్టీ రాసి, రంగు వేసేయడం. నెలలో అయిపోతుంది. ఈస్టర్ నాటికి బాబాయి గారు సముద్రం చూస్తారు. నిజం చెప్పొద్దూ, నా మనసు అటే లాగింది. కోత అంటే నా శనివారాలు లెక్కేస్తే ఏడాది పైనే. ఆయన గుండె ఏడాది ఆగుతుందా?

ఆశ్చర్యమేమంటే, ఆ మాటు ఇదివరకే వేసి ఉంది. ఎడమ గడప మీద అయస్కాంతం పెడితే అతుక్కోలేదు, జారిపోయింది. గీకితే వేలెడు మందం పుట్టీ, దాని కింద ఒక రేకు, దాని కింద పాత రేకు అప్పడంలా. ఎవరో ఎప్పుడో పుండు కడగకుండా కట్టు కట్టి పంపేశారు.

ఆ సాయంత్రమే వెళ్ళాను. ఆయన 30 ఏళ్ళకి పైగా సర్జన్‌గా చేసిన మనిషి. ఫైలు అడిగినట్టు అడిగారు.

"లోపలి రేకు?"

"పోయిందండీ."

"మధ్యది?"

"సగం."

"మరి మాటు వేస్తానంటావేం?"

"ఈస్టర్‌కి మీరు బీచికి…"

"నేనెక్కేది ఒక్కసారిరా. ఆ తరవాత అది మనవరాలిది. పక్కనుంచి ఎవడైనా గుద్దాడంటే దానికీ తలుపుకీ మధ్య ఏముంటుంది, నీ పుట్టీయా?"

పిన్ని గారు కాఫీ గ్లాసులు గట్టిగా పెట్టారు. "మనవరాలి సంగతి మనవరాలు చూసుకుంటుంది. ఏడాది తరవాత మీరుంటారో లేదో ముందు అది చూసుకోండి" అన్నారు. ఎవరం మాట్లాడలేదు. వస్తుంటే గేటు దాకా వచ్చి, "ఆయన మాట వినకు నాయనా" అని మళ్ళీ చెప్పారు. ఆవిడ మాట కాదన్నానన్న బాధ ఇప్పటికీ ఉంది. ఆవిడా నాతో పూర్తిగా మామూలుగా లేరు.

కోతకే మొగ్గాను. 1999లో ఇక్కడి బి.హెచ్.పి. ఉక్కు ఫాక్టరీ మూతపడే దాకా అందులో పనిచేసిన మా పక్కింటాయన వెల్డింగ్ తన వంతన్నాడు. మాదీ ఉక్కు ఊరేనని చెబితే చాలా సంతోషించాడు. ముందు తలుపు సందుల్లో అడ్డంగా ఇనుప గొట్టాలు అతికాం. అవి లేకుండా గడప కోస్తే కారు అరటిపండులా వంగుతుంది, ఆ వంపు మీదే కొత్త గడప అతికితే జన్మలో తలుపు పడదు. రెండు పక్కలా ఒకేసారి కోయకూడదు. బరువు చక్రాల మీద ఉన్నప్పుడు ఎలా పడుతుందో అలాగే స్టాండ్ల మీద ఆనించాలి. ఇక కోయడం, రక్తం కనిపించే దాకా కోయమని మాకు నేర్పినట్టే, మెరిసే ఇనుము కనిపించే దాకా. ఆరంగుళాలనుకున్నది చాలాచోట్ల అడుగు దాటింది. అతుకు కూడా ఏకబిగిని వేయకూడదు. ఇక్కడో కుట్టు, అక్కడో కుట్టు, మధ్యలో చల్లారనివ్వాలి. లేకపోతే వేడికి రేకు మెలికలు తిరుగుతుంది. మూసే ముందు లోపల జింకు పూత, మూశాక కన్నాల్లోంచి మైనం చిమ్మాలి, నీళ్ళు పోయే కన్నాలు మళ్ళీ తెరవాలి.

ఇలాంటి పని తలపెట్టే మన కుర్రాళ్ళకి డాక్టరుగా నాలుగు మాటలు. కళ్ళద్దాలు పెట్టుకుని, వాటి మీద ముఖానికి షీల్డు కూడా పెట్టుకోండి, ఒక్కటి చాలదు. జింకు పూసిన రేకు మీద వెల్డింగ్ చేస్తే వచ్చే పొగ పీలిస్తే రాత్రికి చలి జ్వరం వస్తుంది, ఫ్లూ అనుకుంటారు. పాత ఫాక్టరీ అతుకుల్లో సీసం ఉంటుంది, గ్రైండర్‌తో దుమ్ము లేపకండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. అన్నిటికన్నా ముఖ్యం, క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట ఎప్పుడూ వెల్డింగ్ చేయొద్దు. ఫాస్జీన్ పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన విషవాయువు అదే.

ఎడమ పక్క సెప్టెంబరులో పూర్తయింది. ఆ పక్క గొట్టాలు తీసి, బండిని చక్రాల మీదికి దించి, బాబాయి గారిని తీసుకొచ్చాం. కుడి పక్క ఇంకా కుళ్ళే, కనక డ్రైవరు తలుపు తీయడానికి లేదు. ఎడమ తలుపు తీసి కూర్చోబెట్టాను. తలుపు వేసుకున్నారు, ఒక్కటే టక్కుమన్న చప్పుడు. మళ్ళీ తీశారు, మళ్ళీ వేశారు. "ఇన్నేళ్ళలో ఈ సీట్లో నేనెప్పుడూ కూర్చోలేదురా, ఇది మీ పిన్నిది" అన్నారు. తరవాత, "కుడి పక్క ఎప్పుడు?" అన్నారు.

కుడి పక్క కోత దీపావళి సంబరాలు అయిన తరవాతి శనివారం మొదలు. కొత్త రేకులు పెట్టెలోంచి తీసి పెట్టాను. అతికేటప్పుడు పట్టుకోవడానికి ఇద్దరు మనుషులు కావాలి. పాత బట్టలు, తోలు బూట్లు వేసుకుని రండి. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. ఆ రోజు వంట పిన్ని గారు చేస్తానన్నారు.