లినక్స్ తెరపై ఒత్తులు అలుక్కుపోతే

పాత కంప్యూటరులో ఉబుంటు ఎక్కించిన పిదప తెర 1024×768 దగ్గరే ఆగిపోవడం తరచు ఎదురయ్యే చిక్కు. 1920×1080 తెరపై ఆ చిత్రం అడ్డంగా సాగుతుంది. తెలుగు ఒత్తులు అలుక్కుపోయి పిల్లలకు పాఠం చదవడమే కష్టమవుతుంది. వెంటనే అంతా తుడిచి మళ్లీ ఎక్కించడం తొందరపాటు. ముందు చూడవలసింది కేబుల్‌ను. వీజీఏ కేబుల్‌లోని 12, 15 పిన్నుల ద్వారానే తెర తన కొలతలను కంప్యూటరుకు తెలుపుతుంది. వాటిలో ఒకటి విరిగినా ఆ కబురు అందదు. బొమ్మ మాత్రం వస్తూనే ఉంటుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. పొరుగింటి కేబుల్ తగిలించి చూస్తే సంగతి తేలిపోతుంది.

అప్పటికీ మారకపోతే డ్రైవరు వంతు. ఇంటెల్, ఏఎండీ డ్రైవర్లు లినక్స్ కెర్నెల్‌లోనే ఉంటాయి. అయితే ఎక్కించేటప్పుడు బూట్ వరుసలో 'నోమోడ్‌సెట్' అన్న మాట చేర్చి ఉంటే, దాన్ని తొలగించే వరకు అవి పనిచేయవు.