సెల్‌ఫోనులో మన అక్షరం

మన హోసూరు పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరైంది. తెలుగు దిద్దేవారు తగ్గారు. సంఘం కబురు వాట్సాప్‌లో పెడితే "తాతా, ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి" అంటారు. కొన్నాళ్లు అలాగే పెట్టాం, తప్పు మాదే. తర్వాత మాట రికార్డు చేసి పంపాం. విన్నారు, సమావేశానికి వచ్చారు, అక్షరం మాత్రం రాలేదు.

ఫోను సెట్టింగుల్లో కీబోర్డు భాషల దగ్గర తెలుగు చేర్చుకోండి. ఇంగ్లీషు మీటలతో రాసే రకం ఎంచుకుంటే, 'ఏ ఎమ్ ఎమ్ ఏ' నొక్కగానే 'అమ్మ' అని పడుతుంది. పిల్లలు నొక్కుతారు, పెద్దలు పక్కన కూర్చుని చదివించాలి. భోజనాల దగ్గర మాత్రం ఫోను వద్దు; చాలా ఇళ్లలో అందరూ కలిసి తెలుగు మాట్లాడుకునేది ఆ అరగంటే. ఇకమీదట మా కబుర్లన్నీ తెలుగు లిపిలోనే వస్తాయి.