ఏ పనీ చేయని ప్రాసెసర్ ఎందుకంత వేడెక్కుతుంది?

విడిభాగాలు కొని ఇంట్లోనే కంప్యూటర్ బిగించారు. ఆన్ చేయగానే ప్రాసెసర్ వేడి 90 డిగ్రీల సెల్సియస్ అని కనిపించింది. ఎందుకు?

ముందు ఆ అంకె నిజమేనా చూడాలి. 2017లో వచ్చిన ఏఎండీ రైజెన్ 7 1800ఎక్స్ అసలు వేడికి 20 డిగ్రీలు కలిపి చూపేది. ఫ్యాన్లు అన్ని మోడళ్లలో ఒకే తీరున తిరగాలని కంపెనీయే అలా పెట్టింది. అందుకే బయోస్‌లో కనిపించే అంకెనూ, సాఫ్ట్‌వేర్ చూపే అంకెనూ పోల్చండి.

అంకె నిజమైతే కూలర్‌ను అనుమానించాలి. ప్రాసెసర్ పైభాగం, కూలర్ అడుగుభాగం నున్నగా కనిపించినా వాటి మధ్య కంటికి ఆనని సందులుంటాయి. వాటిలోని గాలి వేడిని సరిగా పోనివ్వదు. ఆ సందులు నింపడానికే బఠాణీ గింజంత థర్మల్ పేస్ట్ వేస్తారు. కూలర్ అడుగునున్న ప్లాస్టిక్ పొర తీయడం మరిచినా, స్క్రూలు వదులుగా ఉన్నా వేడి బయటికి పోదు.

ఎలా సరిచేయాలి? ప్లగ్ తీసి, చల్లారనివ్వండి. పాత పేస్ట్ శుభ్రంగా తుడిచి, కొత్తది వేసి, స్క్రూలను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించండి. ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి.

మరీ వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కాబట్టి కంగారు పడకుండా ఒక్కో కారణాన్నీ వెతకండి.