విటమిన్‌ ఇ: పల్లీలుండగా మాత్రలెందుకు?

జుట్టు రాలినా, మొహం వాడినా ‘ఇ’ క్యాప్సూలే దిక్కనుకుంటున్నాం. పరిశోధనలు మాత్రం వంటింటి వైపే చూడమంటున్నాయి.

మందుల షాపులో చీటీ లేకుండా అడిగి తెచ్చుకునేవాటిలో విటమిన్‌ ఇ క్యాప్సూల్‌ ఒకటి. కొందరు రోజూ మింగుతారు. కొందరు పిన్నుతో గుచ్చి కొబ్బరినూనెలో పిండి తలకు పట్టిస్తారు, కలబంద గుజ్జులో కలిపి మొహానికి రాస్తారు. విటమినే కదా, ఏమవుతుందిలే అని ధీమా!

ఎలకలు చెప్పిన సంగతి

ఈ విటమిన్‌ జాడ 1922లో దొరికింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హెర్బర్ట్‌ ఎవాన్స్‌, క్యాథరిన్‌ స్కాట్‌ బిషప్‌ ఎలకలకు శుద్ధిచేసిన మేత పెట్టి చూశారు. అవి బాగానే పెరిగాయి, చూలూ కట్టాయి. కడుపే నిలవలేదు. మేతలో లెట్యూస్‌ ఆకు చేర్చాక పిల్లలు పుట్టాయి. గోధుమ అంకురంతోనూ అదే ఫలితం.

ఒంట్లో దీని పని కాపలా. నిల్వ నూనె గాలి తగిలి కంపు కొట్టినట్టే, మన కణాల పొరల్లోని కొవ్వూ ఆక్సిజన్‌ దెబ్బకు చెడుతుంది. విటమిన్‌ ఇ ముందుగా ఆ దెబ్బ తాను తిని, కొవ్వును కాపాడుతుంది.

ఎక్కువైతే ఎక్కువ మేలా?

ఆ ఆశతోనే 2001లో అమెరికాలో ‘సెలెక్ట్‌’ పరీక్ష మొదలైంది. 35 వేలమందికి పైగా పురుషులు పాల్గొన్నారు. ప్రొస్టేట్‌ క్యాన్సర్‌ తగ్గుతుందేమోనని కొందరికి రోజూ 400 యూనిట్ల విటమిన్‌ ఇ ఇచ్చారు. ఫలితం కనిపించక 2008లో మాత్రలు ఆపేశారు. 2011లో లెక్క తీస్తే, ఉత్తుత్తి మాత్ర మింగినవారికంటే విటమిన్‌ ఇ ఒక్కటే మింగినవారిలో ఆ క్యాన్సర్‌ 17 శాతం ఎక్కువ!

చర్మం సంగతీ అంతే. మయామీ విశ్వవిద్యాలయం వైద్యులు 1999లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో, ఆపరేషన్‌ మచ్చలకు విటమిన్‌ ఇ రాసిన 15 మందిలో ఐదుగురికి దద్దుర్లు వచ్చాయి. మచ్చలు చాలామందిలో తగ్గనేలేదు.

మరి మాత్ర ఎవరికి? కొవ్వు ఒంటబట్టని జబ్బులున్నవారికి, కొన్ని రకాల కాలేయ కొవ్వుకు, వయసుతో వచ్చే ఒక రెటీనా జబ్బుకు మరికొన్ని పోషకాలతో కలిపి డాక్టర్లు రాస్తారు. రక్తం పలచబడే మందులు వాడేవారు సొంతంగా వేసుకుంటే రక్తస్రావం ముప్పు.

పళ్లెంలో ఎంత?

అమెరికా లెక్క ప్రకారం పెద్దలకు రోజుకు 15 మిల్లీగ్రాములు చాలు. 400 యూనిట్ల మాత్ర అంటే దానికి పదిరెట్లకు పైమాటే. అదే తిండిలోనైతే, పెద్ద చెంచాడు పొద్దుతిరుగుడు నూనెలో సుమారు 5 మి.గ్రా., గుప్పెడు బాదంలో 7, గుప్పెడు పల్లీల్లో 2 మి.గ్రా.కు పైగా దొరుకుతుంది. తవుడు నూనెలోనూ బాగానే ఉంటుంది. కొబ్బరినూనెలో దాదాపు శూన్యం. పాలకూర కాస్త ఇస్తుంది. కొవ్వులో కరిగే విటమిన్‌ కాబట్టి ఆకుకూరకు నూనె పోపు పడితేనే ఒంటికి బాగా పడుతుంది. బజ్జీలకు మరిగించి మరిగించి వాడిన నూనెలో మాత్రం అది నశిస్తూ పోతుంది. నూనె సీసాను వెలుతురు తగలనిచోట, మూత బిగించి పెట్టండి.

ఆరోగ్యవంతుల్లో విటమిన్‌ ఇ లోపం చాలా అరుదు. డాక్టరు రాయని మాత్రల షీటు కొనేబదులు, ఆ డబ్బుతో పల్లీలు కొనుక్కోవడమే లాభం!