గేటు మీటింగ్ నుంచి గెజిట్ దాకా

2019లో రెండు తెలుగు రాష్ట్రాల ఆర్టీసీ కార్మికులు అడిగింది ఒకటే: మమ్మల్ని ప్రభుత్వంలో కలపండి. అదే ఖాకీ యూనిఫాం, మొన్నమొన్నటి దాకా ఒకే సంస్థ. ఏడాది తిరిగేసరికి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 52 వేల మంది ప్రభుత్వోద్యోగులయ్యారు. తెలంగాణలో దాదాపు 48 వేల మంది 52 రోజులు సమ్మె చేసి, ఆత్మహత్యలతో, గుండెపోట్లతో పోయిన తోటివాళ్లను తలుచుకుంటూ, విలీనం అన్న కోరికను తామే పక్కనపెట్టి డిపోలకు తిరిగొచ్చారు.

పట్టుదలలో ఇటువాళ్లు అటువాళ్లకు ఏమీ తీసిపోరు. పోల్చి చూస్తే తెలంగాణ కార్మికులు పడిన కష్టమే ఎక్కువ. మరి ఫలితం ఎందుకు మారింది? కార్మిక సంఘం రాజకీయ నాయకుణ్ణి ఎప్పుడు కలవాలి, చేతికి ఏం తీసుకోవాలి అన్నదానికి ఈ రెండు కథలు చెప్పినంత స్పష్టంగా మరే ఉద్యమమూ చెప్పదు.

ముందు ఆ కోరిక ఎక్కడినుంచి పుట్టిందో చూడాలి. 1932లో నిజాం రైల్వేలో భాగంగా 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలైన రవాణా శాఖ ఇది. అంటే పుట్టుకతోనే సర్కారుది. 1950 నాటి కేంద్ర చట్టం కింద 1958 జనవరి 11న కార్పొరేషన్ అయింది. అప్పటినుంచి ప్రజాసేవ బరువు ప్రభుత్వం చెప్పినట్టు మోయాలి, జీతం మాత్రం టికెట్ డబ్బుల్లోంచి రావాలి. పల్లెవెలుగు ఖాళీగా నడిచినా నడపాలి, విద్యార్థికి రాయితీ పాసు ఇవ్వాలి, ఆ రాయితీ సొమ్ము సర్కారు నుంచి ఎప్పుడొస్తే అప్పుడు తీసుకోవాలి. కార్మికుల సొంత పరపతి సంఘం సీసీఎస్ కోసం జీతంలో కోసిన డబ్బును కూడా యాజమాన్యం వాడేసుకుంటే, కూతురి పెళ్లికి అప్పు కోసం వెళ్లిన కండక్టరుకు నిధుల్లేవన్న జవాబు వచ్చేది. '010 పద్దు కింద జీతం' అన్న మాట ఆర్టీసీ డిపోల్లో అంత బలంగా ఎందుకు నాటుకుందో ఇక్కడ తెలుస్తుంది. ట్రెజరీ నుంచి జీతం వస్తే ఈ నెల కలెక్షన్ ఎంత అన్న బెంగ ఉండదు.

ఈ బెంగ నోరు విప్పేది గేటు మీటింగ్‌లో. తెల్లవారుజామున మొదటి బస్సులు బయటికి వెళ్లే వేళ, డిపో గేటు ముందు నాయకుడు మైకు పట్టుకుంటాడు. డ్యూటీకి ఎక్కేవాళ్లు టికెట్లిచ్చే టిమ్ మిషన్, క్యాష్ బ్యాగు భుజాన వేసుకుని వింటారు. నైట్ హాల్ట్ నుంచి వచ్చినవాళ్లు నిద్రకళ్లతో నిలబడతారు. పావుగంటలో ముగియాలి, లేదంటే సర్వీసులు ఆలస్యం. ఆ పావుగంటలో ఎంతమంది ఆగారు, ఎంతమంది తలవంచుకుని వెళ్లిపోయారు అన్నది డిపో మేనేజరు గమనిస్తాడు. స్థానిక ఎమ్మెల్యే మనుషులూ గమనిస్తారు. సంఘం బలాన్ని రాజకీయం లెక్కగట్టేది ముందుగా అక్కడే.

ఆంధ్రప్రదేశ్‌లో ఆ లెక్క ఎన్నికలకు ముందే జరిగింది. పాదయాత్రలో జగన్మోహన్ రెడ్డి విలీనం చేస్తానని మాటిచ్చారు. 2019 మే 30న ఆయన ప్రమాణ స్వీకారం చేసేనాటికి సంఘాల సమ్మె నోటీసు సిద్ధంగా ఉంది, జూన్ 13 నుంచి బస్సులు ఆగుతాయని. జూన్ 10న తొలి మంత్రివర్గ సమావేశం విలీనానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. సంఘాలు ముఖ్యమంత్రిని కలిసి నోటీసు వెనక్కి తీసుకున్నాయి. విశ్రాంత ఐపీఎస్ అధికారి ఆంజనేయరెడ్డి కమిటీ సెప్టెంబరులో నివేదిక ఇచ్చింది, డిసెంబరులో చట్టం వచ్చింది, 2020 జనవరి 1న అమలైంది. ఎన్నికల హామీ, తలుపు దగ్గర సమ్మె నోటీసు, గడువున్న కమిటీ, చట్టం, అమలు తేదీ. ఈ వరుసలో ఒక్కటి తప్పినా ఫైలు ఎక్కడో ఆగిపోయేది.

తెలంగాణలో సంఘాలు అప్పటికే పాలక పార్టీకి బాగా దగ్గర. ఉద్యమకాలంలో పుట్టిన తెలంగాణ మజ్దూర్ యూనియన్‌కు ఆ పార్టీ నేత హరీశ్‌రావు గౌరవాధ్యక్షుడిగా ఉండేవారు. 2011 సకల జనుల సమ్మెలో బస్సులు ఆపి రాష్ట్ర సాధనకు ఊపిరి పోసినవాళ్లు ఆర్టీసీ కార్మికులు. ఆ దగ్గరితనం 2015 మేలో పనికొచ్చింది. ఎనిమిది రోజుల సమ్మె తర్వాత అటు ఆంధ్రప్రదేశ్ 43 శాతం ఫిట్‌మెంట్ ఇస్తే, ఇటు ముఖ్యమంత్రి కేసీఆర్ ఒక శాతం పెంచి 44 ప్రకటించారు. అడిగితే ఇస్తారన్న నమ్మకం అప్పుడే బలపడింది.

2019 అక్టోబరు 5న, 26 డిమాండ్లతో సమ్మె మొదలైంది. శాసనసభ ఎన్నికలు అయిపోయి ఏడాది కూడా కాలేదు, తర్వాతివి నాలుగేళ్ల దూరంలో ఉన్నాయి. సాయంత్రం ఆరులోపు డ్యూటీలో చేరనివాళ్లు తమంతట తామే ఉద్యోగం వదులుకున్నట్టేనని ముఖ్యమంత్రి అన్నారు. 'సెల్ఫ్ డిస్మిస్' అన్న మాట ఆ రోజుల్లోనే తెలంగాణ ఇళ్లలోకి వచ్చింది. సమ్మె నడుస్తుండగానే హుజూర్‌నగర్ ఉప ఎన్నిక వచ్చింది. ఆర్టీసీ విషయంలో నిరసనగా సీపీఐ అధికార పార్టీకి ఇచ్చిన మద్దతు ఉపసంహరించుకుంది. అయినా 24న వచ్చిన ఫలితంలో టీఆర్‌ఎస్ అభ్యర్థి 43 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచాడు. నా దృష్టిలో సమ్మె తలరాత ఆ మధ్యాహ్నమే మారింది. రోడ్డు మీద ఎంత సానుభూతి ఉన్నా పెట్టెలో ఓటు పడలేదని ప్రభుత్వానికి తెలిసిపోయింది.

హైకోర్టు ఒత్తిడి వల్ల 26న ఎర్రమంజిల్‌లో చర్చలు జరిగాయి. లోపలికి వెళ్లిన నాయకుల ఫోన్లు తీసుకున్నారని కార్మిక సంఘాల ఐక్య కార్యాచరణ సమితి (జేఏసీ) ఆరోపించింది. అధికారులు విలీనం తప్ప మిగతావే మాట్లాడతామన్నారు. నవంబరు 14న జేఏసీ విలీనాన్ని తాత్కాలికంగా పక్కనపెట్టింది, 25న సమ్మె విరమించింది. 29న అందరూ విధుల్లో చేరారు. డిసెంబరు 1న ప్రగతిభవన్‌లో ప్రతి డిపో నుంచి అయిదుగురిని పిలిచి ముఖ్యమంత్రి భోజనం పెట్టారు, విరమణ వయసు 60కి పెంచారు, సెప్టెంబరు జీతం ఇప్పించారు. యూనియన్లు మాత్రం వద్దన్నారు. వాటి బదులు డిపోకు ఇద్దరితో సంక్షేమ మండలి అన్నారు. అన్నం పెట్టిన ఆ చేత్తోనే కార్మికుడి గొంతు మూయడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఎన్నుకున్న ప్రతినిధి అడిగితే అది హక్కు. పిలిచినవాడు ఇస్తే అది దయ.

మళ్లీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. 2023 జులై 31న అదే ప్రభుత్వం 43,373 మందిని కలుపుకుంటామని మంత్రివర్గంలో తీర్మానించింది. గవర్నరు తమిళిసై బిల్లుపై వివరణలు అడిగితే, ఆగస్టు 5 ఉదయం కార్మికులు రెండు గంటలు బస్సులు ఆపి రాజ్‌భవన్‌కు కదిలారు. మర్నాడే శాసనసభ బిల్లు ఆమోదించింది. నాలుగేళ్ల కింద 52 రోజులకు రానిది ఇప్పుడు వారంలో వచ్చినట్టు కనిపించింది. కానీ చట్టం ఎప్పటినుంచి అమలో చెప్పే తేదీని ప్రభుత్వం వేరుగా నోటిఫై చేయాలి. ఆ తేదీ రాకుండానే నవంబరు 30న ఎన్నికలు జరిగాయి, ప్రభుత్వం మారింది. 2025 మే 7 నుంచి సమ్మె అంటూ జేఏసీ ఇచ్చిన నోటీసులో విలీనం మళ్లీ ఉంది. మంత్రి పొన్నం ప్రభాకర్‌తో మాట్లాడాక, ముగ్గురు ఐఏఎస్‌ల కమిటీ హామీ మీద సమ్మె వాయిదా పడింది. శాసనసభలో బల్లలు చరిచిన రోజున స్వీట్లు పంచుకోవడం సహజమే. ఆ సాయంత్రం నుంచే సచివాలయంలో ఆ ఒక్క తేదీ కోసం కూర్చోవాల్సింది సంఘాలు.

కలిసిపోయిన ఆంధ్రప్రదేశ్‌లో అంతా సుఖమే అనుకోవద్దు. బస్సులు, ఆస్తులు, అప్పులు కార్పొరేషన్ పేరునే ఉన్నాయి. మారింది ఉద్యోగుల హోదా. జీతం భద్రమైంది. పాత పెన్షన్ రాలేదు. సంస్థలో ఉన్నప్పటి వైద్య సదుపాయమే నయం, అదే కావాలని ఇప్పుడు సంఘాలు అడుగుతున్నాయి. నాలుగేళ్లకోసారి యాజమాన్యంతో బేరమాడి తెచ్చుకునే వేతన సవరణ పోయి, పీఆర్సీ కోసం లక్షల మంది ఉద్యోగుల మధ్య ఎదురుచూపు మిగిలింది. పైగా ప్రభుత్వోద్యోగికి సమ్మె హక్కు లేదని 2003లో తమిళనాడు ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏ ఆయుధంతో విలీనం సాధించారో దాన్ని గుమ్మం దగ్గర వదిలి లోపలికి వెళ్లారు. ఈ సంగతి గేటు మీటింగుల్లో ముందే విప్పి చెప్పి ఉండాల్సిందని నా గట్టి అభిప్రాయం.

ఇంకా కార్పొరేషన్‌లోనే ఉన్న తెలంగాణవాళ్లకూ రోజులు మారుతున్నాయి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, ఉద్యోగుల్లో 51 శాతం మద్దతున్న సంఘమే యాజమాన్యంతో బేరమాడే ఏకైక సంఘం. అంత బలం ఎవరికీ లేకపోతే, 20 శాతం చొప్పున మద్దతున్నవాటితో మండలి ఏర్పడుతుంది. సగం మంది ఒకేసారి సెలవు పెట్టినా అది సమ్మె కిందికే వస్తుంది, దానికీ 14 రోజుల ముందు నోటీసు కావాలి. ఒక్కో డిపోలో ఒక్కో జెండా కింద చీలిపోయిన ఆర్టీసీ సంఘాలు ఈ 51ని ఎలా కూడగడతాయో, ఏ పార్టీ నాయకుణ్ణీ గౌరవాధ్యక్షుడిగా కూర్చోబెట్టకుండా కూడగట్టగలవో లేదో, వచ్చే గుర్తింపు ఎన్నికల్లో డిపో డిపోకీ తేలుతుంది.