పేజీ తిప్పే చెయ్యి ఎవరిది?

పియానో వాయించే మనిషికి చేతులు రెండే. ఆ రెండూ మెట్ల మీదే ఉంటాయి. వయొలిన్ వాయించేవారి ఎడమ చెయ్యి తీగల మీద, కుడి చెయ్యి కమాను మీద ఉంటాయి. గిటారు సంగతీ అంతే. మరి ఎదురుగా స్టాండు మీద ఉన్న కాగితంలో చివరి వరుస అయిపోతే, పేజీ తిప్పేది ఎవరు?

"అసలు కాగితం ఎందుకండీ? మన విద్వాంసులు కాగితం చూడకుండానే మూడు గంటలు పాడతారు కదా!" అని మీరు అడగవచ్చు. నిజమే. మన సంగీతంలో కృతిని గురువు దగ్గర విని, కంఠస్థం చేసి, ఆపైన సొంత మనోధర్మంతో పెంచుతారు. పాశ్చాత్య వాద్యబృందం తీరు వేరు. అందులో ఎనభై, తొంభై మంది ఒకేసారి వాయిస్తారు. ఎవరి స్వరాలు వారివి. అన్నీ ముందే రాసి ఉండాలి, అందరూ ఆ రాతను తు.చ. తప్పకుండా పాటించాలి. 11వ శతాబ్దంలో ఇటలీకి చెందిన గైడో అనే సన్యాసి, అడ్డగీతల మీద స్వరాలను గుర్తించే పద్ధతిని స్థిరపరచాడు. 1501లో వెనిస్ నగరంలో పెట్రూచి ఆ లిపిని అచ్చులో పోసి పుస్తకం వేశాడు. మన చర్చి గాయకబృందాలలోనూ, సినిమా వాద్యబృందాలలోనూ ఆ గీతల కాగితాలే వాడుతూ వచ్చారు.

ఇప్పుడా కాగితం స్థానంలోకి టాబ్లెట్ వస్తోంది. డాక్టరు ఇచ్చే మాత్ర కాదు, పలకలాంటి కంప్యూటరు! 2010లో ఐప్యాడ్ వచ్చాక ఈ మార్పు వేగం అందుకుంది. 2012 నవంబరులో బెల్జియం దేశపు బ్రస్సెల్స్ ఫిల్‌హార్మోనిక్ బృందం కాగితాలు పక్కన పెట్టి, టాబ్లెట్లు చూస్తూ కచేరీ చేసింది. ఈ పలక కాగితం చేసే పని అంతా చేయగలదా? లెక్కలు కట్టి చూద్దాం.

ఒక పేజీ ఎన్ని సెకన్లు?

నిమిషానికి 120 దెబ్బల వేగంతో సాగే పాట ఒకటి అనుకోండి. దెబ్బకు అర సెకను. గడికి నాలుగు దెబ్బలైతే ఒక గడికి 2 సెకన్లు. పేజీలో ఐదు వరుసలు, వరుసకు నాలుగు గడులు ఉంటే మొత్తం 20 గడులు. అంటే ఒక పేజీ 40 సెకన్లలో అయిపోతుంది. నాలుగు నిమిషాల పాటకు ఆరు పేజీలు కావాలి, ఐదుసార్లు పేజీ తిప్పాలి.

కాగితం తిప్పడానికి ఒక సెకను పట్టిందనుకుందాం. ఆ సెకనులో రెండు దెబ్బలు జారిపోతాయి! అందుకే పియానో పక్కన పేజీలు తిప్పడానికే ఒక మనిషి కూర్చుంటాడు. వాద్యబృందంలో ఇద్దరు వయొలిన్ వాద్యకారులకు ఒకే స్టాండు ఉంటుంది. ఒకరు పేజీ తిప్పుతుంటే రెండోవారు వాయిస్తూ ఉంటారు. ఆరుబయట అయితే గాలికి కాగితాలు ఎగరకుండా బట్టల క్లిప్పులు పెట్టుకుంటారు.

టాబ్లెట్‌లో పేజీ మారడానికి ఒక్క తాకుడు చాలు. అయితే ఇక్కడొక చిక్కు ఉంది. వాయించేవారి కళ్ళు ఎప్పుడూ చేతులకన్నా కాస్త ముందు నడుస్తాయి. చేతులు చివరి గడిలో ఉండగానే కళ్ళకు తరువాతి పేజీ మొదటి గడి కావాలి. ఒకే తెర మీద రెండు పేజీలు ఎట్లా కనిపిస్తాయి? దీనికొక చక్కని ఉపాయం కనిపెట్టారు. మీరు పేజీ కింది సగం వాయిస్తుండగా, తెర పై సగంలో తరువాతి పేజీ పై సగం వచ్చి కూర్చుంటుంది. కింది వరుస పూర్తికాగానే కళ్ళు పైకి వెళితే సరి, కొత్త పేజీ సిద్ధంగా ఉంటుంది. కాగితం చేయలేని పని ఇది.

తెర చిన్నదైతే?

మామూలు ఏ4 కాగితం ఎత్తు 29.7 సెం.మీ., వెడల్పు 21 సెం.మీ. తొలి ఐప్యాడ్ తెర 9.7 అంగుళాలు అంటారు. అది మూల నుంచి మూలకు కొలత. నిలువు, అడ్డం 4:3 నిష్పత్తిలో ఉంటాయి. పైథాగరస్ సిద్ధాంతం వాడి మీరే లెక్క కట్టండి: ఎత్తు సుమారు 19.7, వెడల్పు 14.8 సెం.మీ. వస్తాయి. కాగితాన్ని ఆ ఎత్తులో ఇమిడ్చితే దాదాపు మూడింట రెండు వంతులకు కుదించుకుపోతుంది. ఐదు గీతల వరుస ఎత్తు కాగితం మీద 7 మి.మీ. ఉంటే, తెర మీద 4.6 మి.మీ. మాత్రమే!

70 సెం.మీ. దూరం నుంచి కాగితం చదివేవారికి అదే పరిమాణంలో కనిపించాలంటే తెరను సుమారు 46 సెం.మీ. దూరానికి తెచ్చుకోవాలి. ఇది సరూప త్రిభుజాల లెక్కే. వయొలిన్ కమాను ఆడటానికి చోటు కావాలి కదా, స్టాండును అంత దగ్గరకు లాగితే కమాను తగులుతుంది. అందుకే పేజీ చుట్టూ ఉన్న తెల్లని అంచులు కత్తిరించి బొమ్మను పెద్దది చేస్తారు, లేదా పెద్ద తెరలు కొంటారు. 12.9 అంగుళాల తెర ఎత్తు 26.2 సెం.మీ. దాని మీద కాగితం నూటికి 88 పాళ్ళ పరిమాణంలో కనిపిస్తుంది.

వేలు తాకితే తెలుస్తుంది, పుల్ల తాకితే తెలియదు

టాబ్లెట్ అద్దం కింద, విద్యుత్తు ప్రవహించగల పారదర్శకమైన పలుచని పొర ఉంటుంది. ఆ పొరలోని సన్నని గళ్ళు కొద్దిపాటి విద్యుదావేశాన్ని నిలవ చేసుకుంటాయి. మన శరీరం విద్యుద్వాహకం. వేలు దగ్గరకు రాగానే ఆ చోట నిలవ ఉండే ఆవేశం మారుతుంది. ఏ గడిలో మారిందో యంత్రం కనిపెట్టి, "ఇక్కడ తాకారు" అని గ్రహిస్తుంది. డప్పు వాయించే కర్రపుల్లతో తాకండి, ఏమీ జరగదు. కర్ర విద్యుత్తును సరిగా ప్రవహింపనివ్వదు. చెమట చుక్క పడితే యంత్రం తికమకపడుతుంది, ఎందుకంటే ఉప్పునీరు కూడా వాహకమే.

అయినా రెండు చేతులూ ఖాళీ లేనివారు వేలితో ఎట్లా తాకుతారు? అందుకే పాదం వాడుకుంటారు. కింద ఒక చిన్న పెడల్ ఉంటుంది. దాన్ని నొక్కితే బ్లూటూత్ రేడియో తరంగాల ద్వారా టాబ్లెట్‌కు కబురు అందుతుంది. ఇందులో ఒక చమత్కారం ఉంది. ఇలాంటి పెడల్ తనను టాబ్లెట్‌కు "నేను కీబోర్డును" అని పరిచయం చేసుకుంటుంది. పాదంతో నొక్కినప్పుడు, మనం కంప్యూటరు మీద బాణం గుర్తు మీట నొక్కినట్టే సంకేతం పంపుతుంది.

ఈ తరంగాల పౌనఃపున్యం సుమారు 2.4 గిగాహెర్ట్జ్. వైఫై, మైక్రోవేవ్ పొయ్యి కూడా ఈ ప్రాంతంలోనే పనిచేస్తాయి. మరి సభలో వందల ఫోన్లు ఉంటే కబురు కలగాపులగం కాదా? తొక్కుడుబిళ్ళ ఆటను గుర్తు తెచ్చుకోండి. బ్లూటూత్ ఒకే గడిలో నిలబడదు. దాని తొలి పద్ధతిలో 79 గడులు ఉన్నాయి. పంపేదీ అందుకునేదీ ముందే కూడబలుక్కున్న వరుసలో సెకనుకు 1600 సార్లు గడి మారుస్తూ గెంతుతాయి. ఒక గడిలో రద్దీ ఉన్నా, మరుక్షణం ఇంకో గడిలో కబురు దాటిపోతుంది.

చీకట్లో రాజు, ఎండలో పేద

రంగస్థలం మీద దీపాలు ఆర్పితే కాగితం కనిపించదు. టాబ్లెట్‌కు సొంత వెలుగు ఉంది, చీకట్లో అదే రాజు. మిట్టమధ్యాహ్నం ఆరుబయట కథ తిరగబడుతుంది. నడినెత్తి ఎండలో నేలమీద పడే వెలుగు సుమారు లక్ష లక్స్. తెల్లకాగితం అందులో నూటికి ఎనభై పాళ్ళు అన్ని వైపులకూ వెదజల్లుతుంది. లెక్క కడితే కాగితం ప్రకాశం చదరపు మీటరుకు సుమారు 25,000 క్యాండెలాలు. మామూలు టాబ్లెట్ తెర ప్రకాశం సుమారు 500 ఉంటుంది. అంటే ఎండలో కాగితం టాబ్లెట్ కన్నా యాభై రెట్లు ప్రకాశవంతం!

వేడి మాట కూడా చూడాలి. నిటారుగా పడే ఎండ చదరపు మీటరుకు సుమారు 1000 వాట్ల శక్తి తెస్తుంది. టాబ్లెట్ వైశాల్యం సుమారు 0.04 చదరపు మీటర్లు. కాబట్టి దాని మీద పడేది 40 వాట్లు. నల్లని అద్దం అందులో చాలా భాగాన్ని పీల్చుకుంటుంది. ఐప్యాడ్‌ను 0 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ వాతావరణంలో వాడమని తయారీదారులు చెబుతారు. మన విజయవాడలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం 40 దాటడం మామూలే. మితిమీరి వేడెక్కిన టాబ్లెట్ ముందు తెరను మసకబరుస్తుంది, తరువాత హెచ్చరిక చూపి పని మానేస్తుంది. అది తనను తాను కాపాడుకోవడమే. కాని పాట మధ్యలో ఉన్న గాయని గతి ఏమిటి?

ఫొటో వేరు, అక్షరం వేరు

గిటారు, కీబోర్డు వాయించేవారికి చాలాసార్లు పూర్తి స్వరలిపి అక్కర్లేదు. పాట మాటల పైన కార్డుల పేర్లు ఉంటే చాలు. ఒకేసారి మోగించే మూడు నాలుగు స్వరాల గుత్తిని కార్డు అంటారు. సి, ఎఫ్, జి అని ఒక పాటకు మూడు కార్డులు ఉన్నాయనుకోండి. కచేరీకి పది నిమిషాల ముందు గాయని, "ఒకటో శ్రుతి నాకు అందడం లేదు, నాలుగుకు మార్చండి" అంటుంది. ఇప్పుడు ఏం చేయాలి?

ఒక స్థాయిలో స్వరస్థానాలు పన్నెండు. వాటికి 0 నుంచి 11 వరకు అంకెలు వేద్దాం: సి 0, సి షార్ప్ 1, డి 2, డి షార్ప్ 3, ఇ 4, ఎఫ్ 5, ఎఫ్ షార్ప్ 6, జి 7, జి షార్ప్ 8, ఏ 9, ఏ షార్ప్ 10, బి 11. ఒకటి నుంచి నాలుగో శ్రుతికి, అంటే సి నుంచి ఎఫ్‌కు, ఐదు మెట్లు. ప్రతి అంకెకూ 5 కలపండి. సి (0) ఎఫ్ (5) అవుతుంది. ఎఫ్ (5) ఏ షార్ప్ (10) అవుతుంది, దీన్నే బి ఫ్లాట్ అని కూడా అంటారు. జి 7 కదా, 5 కలిపితే 12. గడియారంలో పన్నెండు దాటితే మళ్ళీ మొదలైనట్టు 12 అంటే 0, అంటే సి. కొత్త కార్డులు: ఎఫ్, బి ఫ్లాట్, సి.

కార్డుల పేర్లు అక్షరాలుగా నమోదై ఉంటే టాబ్లెట్ ఈ కూడిక రెప్పపాటులో చేసి పాట అంతా మార్చి చూపుతుంది. అదే కాగితాన్ని ఫొటో తీసి పెట్టుకుంటే? మామూలుగా టాబ్లెట్‌కు అది నలుపు తెలుపు చుక్కల బొమ్మ మాత్రమే. అందులో సంగీతం ఉన్నట్టు దానికి తెలియదు. చూపించడం వేరు, అర్థం చేసుకోవడం వేరు అన్నమాట.

1950ల చివరలో అమెరికాలోని నాష్‌విల్ నగరంలో నీల్ మాథ్యూస్ అనే గాయకుడు ఈ సమస్యకు యంత్రం లేకుండానే పరిష్కారం చూపాడు. కార్డులకు పేర్లు బదులు 1, 4, 5 అని అంకెలు వేశాడు. ఆధార స్వరం ఏదైనా అంకెలు మారవు. మనకిది కొత్త కాదు! మన స, రి, గ, మ కూడా ఇటువంటివే. ఏ శ్రుతిలో పాడినా "స" సయే. మన స్వరలిపిని శ్రుతి మార్చినప్పుడల్లా తిరిగి రాయనక్కర్లేదు.

నమ్మాలా, వద్దా?

తెలివైన వాద్యకారులు టాబ్లెట్‌ను వాడతారు, గుడ్డిగా నమ్మరు. బ్యాటరీ నిండా నింపుకుంటారు. తెర దానంతట అది ఆరిపోకుండా అమరుస్తారు. ఫోన్లు, సందేశాలు రాకుండా ఆపి, పెడల్ కోసం బ్లూటూత్ మాత్రం ఉంచుతారు. పరికరాన్ని ఎండ పడని చోట పెడతారు. అన్నిటికీ మించి, సంచిలో ఒక కాగితపు ప్రతి ఉంచుకుంటారు. కాగితానికి బ్యాటరీ అక్కర్లేదు కదా!

చేసి చూడండి

1. టాబ్లెట్ తెరలలో చాలావాటికి, చేతి కాలిక్యులేటరు తెరకూ ద్రవ స్ఫటికాలే ఆధారం. వాటి నుంచి వచ్చే కాంతి ధ్రువిత కాంతి, అంటే ఒకే తలంలో కంపించేది. పోలరాయిడ్ చలువ అద్దాలు దొరికితే వాటిగుండా కాలిక్యులేటరును చూస్తూ నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. ఒక కోణంలో తెర నల్లబడిపోతుంది. ఎండలో చలువ అద్దాలు పెట్టుకున్న గిటారు వాద్యకారుడు టాబ్లెట్‌ను అడ్డంగా తిప్పగానే తెర ఎందుకు మాయమైందో ఇప్పుడు మీరు చెప్పగలరు.

2. అట్టతో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది రెండు చక్రాలు కత్తిరించండి. రెండింటి అంచున పన్నెండు స్వరాల పేర్లు సమాన దూరంలో, అంటే 30 డిగ్రీలకు ఒకటి చొప్పున రాయండి. చిన్నదాన్ని పెద్దదాని మీద పెట్టి మధ్యలో గుండుసూది గుచ్చండి. లోపలి సి ఎదుటకు బయటి ఎఫ్ వచ్చేటట్లు తిప్పి, మిగిలిన జతలు చదవండి. మీ పాఠశాల గాయకబృందానికి టాబ్లెట్ లేకపోయినా సరే, శ్రుతి మార్చే యంత్రం ఇప్పుడు మీ చేతిలో ఉంది. గాయని మూడో శ్రుతి అడిగితే ఆ మూడు కార్డులు ఏమవుతాయి? చక్రం తిప్పి కనుక్కోండి.